తమిళ నేల, మరాఠా రాజు, తెలుగు పాట

1684 నుంచి 1712 వరకు తంజావూరును ఏలిన శహాజీ మహారాజు ‘పంచభాషా విలాసం’ అనే నాటకం రాశాడు. ద్రావిడ, ఆంధ్ర, మహారాష్ట్ర, ఉత్తర దేశాల రాకుమార్తెలు శ్రీకృష్ణుణ్ణి వలచి వస్తారు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడతారు. ఐదోదిగా సంస్కృతం ఎలాగూ ఉండనే ఉంది. ఈ శహాజీ ఛత్రపతి శివాజీకి సవతి సోదరుడైన ఏకోజీ కొడుకు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, ఏలిన జనం మాట్లాడేది తమిళం. ఆయన పేరు మీద ఉన్న యక్షగానాల్లో మాత్రం ఎక్కువ భాగం తెలుగువే. తిరువారూరు గుడిలోని శివుడు త్యాగరాజస్వామి పల్లకి ఊరేగింపు మీద ఆయన రాసిన ‘పల్లకీ సేవా ప్రబంధం’ కూడా తెలుగే.

తంజావూరు పేరెత్తితే తెలుగువాళ్లం సరిగ్గా ఇక్కడే ఛాతీ విరుచుకుంటాం. తమిళులకు అది చోళుల ఊరు, పెద్దగుడి (బృహదీశ్వరాలయం) ఊరు, తేవారం అనే శివభక్తి గీతాలు పాడిన నేల. మరాఠీవాళ్లకు దక్షిణాన మిగిలిన భోంస్లే గద్దె. ముగ్గురూ చెప్పేది నిజమే. చిక్కంతా వాటాలు పంచడం మొదలుపెట్టాక వస్తుంది. కర్ణాటక సంగీతంలో రాగాలన్నిటినీ డెబ్బై రెండు మూల రాగాల కింద వర్గీకరించే మేళకర్తల పథకాన్నే తీసుకోండి. దాన్ని రూపొందించిన వేంకటమఖి కన్నడ బ్రాహ్మణ కుటుంబీకుడు. గ్రంథం రాసింది సంస్కృతంలో, రాయించింది తెలుగు నాయకరాజు విజయరాఘవుడు, చోటు తమిళదేశం. ఇప్పుడు ఇది ఎవరి ఖాతాలో వేయాలి?

ఈ చిక్కుముడి విప్పడానికి రాజవంశాల పట్టిక ఒక్కటీ చాలదు. పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు, రాసినవాళ్లకు అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. నాకు అర్థమైనంతలో తంజావూరు సంస్కృతికి అసలు తాళంచెవి అక్కడే ఉంది.

వడ్లతో కట్టిన కళ

అన్నం వచ్చింది కావేరి నుంచి. కల్లణై ఆనకట్ట దగ్గర పాయలుగా చీలి, వందల కాలువలై, సముద్రం దాకా పరుచుకునే ఈ డెల్టా దక్షిణాదికి ధాన్యాగారం. గోదావరి జిల్లాలవాళ్లు ఇప్పటికీ దండలు వేసి కొలిచే కాటన్ దొర ధవళేశ్వరం రాకముందు ఆనకట్టల పనిలో చేయి తిప్పుకున్నది ఇక్కడి కావేరి పాయ కొల్లిడం మీదే. మిగులు ధాన్యం ఉన్నచోటే గుడి పెద్దదవుతుంది, గుడి పెద్దదైనచోటే పాటగాడికి పని దొరుకుతుంది.

రాజరాజచోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. అరవై మీటర్లు దాటిన విమానం (గర్భగుడి మీది గోపురం) ఎత్తు గురించి అందరూ చెబుతారు. నాకు అంతకన్నా ఆశ్చర్యంగా తోచేవి దాని గోడల మీది శాసనాలు. తాను ఇచ్చినవి, తన అక్క ఇచ్చినవి, అంతఃపుర స్త్రీలు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి అన్నీ రాతి మీద చెక్కించమని రాజు ఆజ్ఞ. ఆ చెక్కినవాటిలో 400 మంది నాట్యకత్తెల జాబితా ఉంది. ఎవరిని ఏ ఊరి ఏ గుడి నుంచి తెచ్చారు, ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఇచ్చారు, పేరేమిటి, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక భాగం చొప్పున భూమి ఫలసాయం, అంటే ఏటా 100 కలాల (కలం అప్పటి ధాన్యపు కొలత) వడ్లు. తేవారం పాడటానికి 48 మంది గాయకులను, వారికి తోడు ఇద్దరు వాద్యకారులను నియమించి వాళ్లకు కూడా రోజువారీ వడ్లు కేటాయించారు. వెయ్యేళ్ల కిందటి ఈ జీతాల పట్టీ ముందు మన నేటి సాంస్కృతిక శాఖల బడ్జెట్లు చిన్నబోతాయి.

అదే గుడి పై అంతస్తులో నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాల్లో (నాట్య భంగిమల్లో) 81 శిల్పాలుగా ఉన్నాయి. మిగతా 27 రాళ్లు చెక్కకుండానే వదిలేసి కనిపిస్తాయి.

తెలుగుకీ తంజావూరుకీ చుట్టరికం కూడా ఈ కాలంలోనే మొదలైంది, కానీ మనం సాధారణంగా ఊహించుకునే దిశలో కాదు. రాజరాజచోళుడి కూతురు కుందవ్వ వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇల్లాలైంది. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు. నన్నయ చేత భారతం రాయించిన రాజమహేంద్రవరపు రాజు తంజావూరు పెద్దగుడి కట్టించినవాడికి కూతురి బిడ్డ అన్నమాట. తాతగారి పేరే పెట్టుకున్నాడు. ఆయన పెళ్లాడింది కూడా మేనమామ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని. ఆ దంపతుల కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. తెలుగు సాహిత్యానికి ఆదికావ్యం దొరికిన కాలంలో ఆ ఇంట్లో తమిళం ఎంత వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. మేనరికాలు చేసుకునే ఇళ్లలో భాషకి సరిహద్దులు గీయడం కష్టం.

నాయకులు వచ్చారు, అగ్రహారాలు వెలిశాయి

చోళుల తర్వాత పాండ్యులు, ఆ పైన విజయనగరం. 1530ల్లో అచ్యుతదేవరాయలు తన తోడల్లుడు సేవప్ప నాయకుణ్ణి తంజావూరుకు అధిపతిని చేశాడు. అక్కణ్ణుంచి నాలుగు తరాలు: సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు. వీళ్లు తెలుగు ప్రాంతాలను గెలిచి ఇటు విస్తరించిన రాజులు కారు. విజయనగర సామ్రాజ్యపు ఉద్యోగులుగా వచ్చి, సామ్రాజ్యం బలహీనపడ్డాక సొంతంగా నిలబడ్డవాళ్లు. వెంట సైనికులు, వ్యాపారులు, పండితులు వచ్చారు గానీ జనాభాలో వాళ్లెప్పుడూ కొద్దిమందే. పొలాల్లో తమిళం తమిళంగానే ఉంది.

మరి తెలుగు నిలవడానికి పునాది ఎక్కడ పడింది? మాన్యాల్లో. అచ్యుతప్ప నాయకుడి కాలంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇల్లు, బావి, సాగుభూమి ఇచ్చి స్థిరపరిచిన ఊరు మెలట్టూరు. 510 కుటుంబాలని స్థానిక సంప్రదాయం చెబుతుంది. రాజు పేరు మీద ఆ ఊరికి అచ్యుతపురం అనే పేరు కూడా ఉండేది. ఇక్కడి భాగవత మేళం గురించి చివర్లో చెబుతాను.

రఘునాథ నాయకుడు విచిత్రమైన మనిషి. 1620లో డెన్మార్కు దేశపు డేన్లతో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో వాళ్ల కోటకు చోటిచ్చాడు. ఇంకోపక్క వీణ మెట్లను సవరించే పనిలో ఉన్నాడు. ఆయన పేరనే రఘునాథమేళ వీణ అని ఒకటి ప్రసిద్ధమైంది. అంతకు ముందు రాగం మారితే మెట్లు జరుపుకోవలసి వచ్చేది. మెట్లు కదలకుండా అమర్చిన వీణ మీద అన్ని రాగాలూ పలికించే పద్ధతి స్థిరపడటంలో ఈ ఆస్థానానిది పెద్ద పాత్ర. ఆయన స్వయంగా తెలుగులో ‘వాల్మీకి చరిత్రము’ రాశాడు. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ ఆయనకే అంకితం. ఆస్థానంలో రామభద్రాంబ ఆయన మీద సంస్కృత కావ్యం రాసింది. మంత్రి గోవింద దీక్షితులు, ముందు చెప్పిన వేంకటమఖికి తండ్రి.

కొడుకు విజయరాఘవుడి కాలానికి తెలుగు యక్షగానం ఆస్థానపు ప్రధాన వినోదమైంది. రాజే రాశాడు, ఆస్థాన కవయిత్రి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. అప్పటిదాకా వీధిలో ఉన్న రూపాన్ని సింహాసనం ముందుకు తెచ్చిన ఘనత వీళ్లది. కృష్ణా తీరపు మొవ్వ నుంచి వచ్చిన క్షేత్రయ్య ఇక్కడికి వచ్చాడు. మధుర తిరుమలనాయకుడి దగ్గర 2,000, తంజావూరు విజయరాఘవుడి దగ్గర 1,000, గోలకొండ పాదుషా దగ్గర 1,500 పదాలు (శృంగార గీతాలు) చెప్పినట్టు ఆయన తన పదం ఒకదానిలో తానే లెక్క చెప్పుకున్నాడు. ఆ లెక్కలో ముగ్గురు పోషకుల్లో ఇద్దరు తమిళదేశంలో ఉండటం గమనించండి.

1673లో ఇదంతా భగ్గుమంది. విజయరాఘవుడు కూతుర్ని ఇవ్వనన్నందుకు మధుర చొక్కనాథ నాయకుడు దండెత్తాడు. ముసలి రాజు యుద్ధంలో చనిపోయాడు, అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేసుకున్నారు. మిగిలిన వారసుడు బీజాపూరు సుల్తానును ఆశ్రయిస్తే, సుల్తాను తన సేనాని ఏకోజీని పంపాడు. ఏకోజీ నాయకుడి వారసుణ్ణి గద్దెనెక్కించి, ఆ తర్వాత తానే ఎక్కి కూర్చున్నాడు. బీజాపూరు ముస్లిం సుల్తాను సేవలో ఉన్న మరాఠా సేనాని, తెలుగు రాజుల తగువు తీర్చడానికి వచ్చి, తమిళనేలకు రాజయ్యాడు.

రాజు మారితే భాష ఎందుకు మారలేదు?

అసలు ప్రశ్న ఇదే. తెలుగు నాయకుల కింద తెలుగు వెలగడం వింతేమీ కాదు. మరాఠాలు వచ్చిన తర్వాత 180 ఏళ్ల పాటు అది తగ్గకపోగా పెరగడమే వింత.

తరచుగా వినబడే జవాబు ఒకటుంది: తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాటకు అనువు, అందుకే రాజులందరూ తెలుగును ఎంచుకున్నారని. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఇదే నేల మీద అంతకు ముందు వెయ్యేళ్లుగా తేవారం తమిళంలోనే పాడుతున్నారు, రాజరాజు 48 మందికి జీతమిచ్చింది ఆ పాటకే. హల్లుతో ముగిసే మాటల వల్ల వాళ్ల గొంతు ఎక్కడా అడ్డం పడలేదు. భాష తీపి వల్లే సామ్రాజ్యాలు లొంగిపోతాయని నమ్మడం మనకు సుఖంగా ఉంటుంది. అందుకే ఆ వాదన మీద నాకు నమ్మకం తక్కువ.

జరిగింది ఇంకొకటి. మరాఠాల తంజావూరులో ఒక్కో భాషకు ఒక్కో ఉద్యోగం ఉండేది. కోట దస్త్రాలు మరాఠీలో, మోడీ అనే గొలుసుకట్టు లిపిలో. పొలం, పన్ను, ఊరి వ్యవహారం తమిళంలో. శాస్త్రం సంస్కృతంలో. పాట, ఆట, శృంగారం, భక్తి నాటకం తెలుగులో. తర్వాతి రోజుల్లో దొరలతో ఉత్తరాలు ఇంగ్లీషులో. ఈ పంపకం ఎవరో ఆజ్ఞాపించి చేసింది కాదు. పని తెలిసినవాళ్లు ఏ భాషలో ఆ పని నేర్చుకున్నారో ఆ భాషలోనే కొనసాగించారు. యక్షగానం ఆడే మేళాలు, పదం పట్టే స్త్రీలు, నట్టువనారులు (నాట్య గురువులు) అక్కడే ఉన్నారు, వాళ్ల దగ్గరున్న సరుకు తెలుగు. కొత్త రాజుకు కచేరీ కావాలంటే ఉన్నవాళ్ల చేతనే పాడించుకోవాలి. వంటమనిషి మారని ఇంట్లో యజమాని మారినా సాంబారు రుచి మారదు.

(సాంబారు అన్నాను కాబట్టి చెబుతున్నాను: అది శంభాజీ పేరు మీదుగా తంజావూరు మరాఠా వంటింట్లో పుట్టిందనే కథ ఎంత ప్రచారంలో ఉందో, దానికి ఆధారం అంత తక్కువ.)

రెండో కారణం గద్దెకు సంబంధించింది. ఏకోజీ వంశం కోట పట్టుకున్నది బలంతో. దక్షిణాదిలో రాజు అనిపించుకోవాలంటే రాజులు చేసే పనులు చేయాలి. విజయనగరం పోయినా మధుర నుంచి మైసూరు దాకా ఆస్థాన గౌరవానికి తెలుగు కవిత్వం ఒక గుర్తుగా మిగిలింది. సాహిత్య చరిత్రకారులు దక్షిణాంధ్ర యుగం అని ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టేంతగా అది పాకింది. నాయకుల లోటు తెలియకుండా ఏలాలంటే నాయకుల అభిరుచి కూడా వారసత్వంగా తీసుకోవాలి. శహాజీ 1693లో తిరువిశనల్లూరును శహాజీరాజపురంగా మార్చి 46 మంది పండితులకు పంచాడు. నాయకులు నడిచిన బాటే. ఆయన తమ్ముడు తుళజాజీ ‘సంగీత సారామృతం’ అనే శాస్త్రగ్రంథం రాశాడు. 18వ శతాబ్దం నడుమ ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది. తెలుగులో స్త్రీ కోరికను స్త్రీయే అంత నిర్మొహమాటంగా చెప్పిన కావ్యం అంతకు ముందు లేదు. దాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఇక తమిళం ఈ కాలంలో మూలన కూర్చుందనుకుంటే పొరపాటు. శీర్కాళి అరుణాచల కవి ‘రామనాటకం’ 18వ శతాబ్దానిదే. మరాఠా రాజు రెండో శరభోజి మీద రాసిన కురవంజి (ఎరుకలసాని సోదె చెప్పే నృత్యనాటకం) తమిళంలోనే ఉంది, దాన్ని పెద్దగుడిలోనే ఆడేవారు. గోపాలకృష్ణ భారతి శివభక్తుడు నందనార్ కథను పాటగా కట్టింది ఈ డెల్టాలోనే. తెలుగులో రాసిన తంజావూరు చరిత్రల్లో ఈ పేర్లు చాలా అరుదుగా కనబడతాయి.

తిరువారూరు ముగ్గురు

శ్యామశాస్త్రి 1762, త్యాగరాజు 1767, ముత్తుస్వామి దీక్షితులు 1775. ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారు. ఒక్క ఊళ్లో పదమూడేళ్ల వ్యవధిలో ఇది ఎలా సాధ్యమైందని అద్భుతంగా చెబుతుంటారు. అంతకు ముందు రెండు వందల ఏళ్ల మాన్యాలు, గుడి ఉద్యోగాలు, గురుకులాలు గుర్తు పెట్టుకుంటే అద్భుతం కొంచెం తగ్గుతుంది, గౌరవం పెరుగుతుంది.

త్యాగరాజు పూర్వులు ప్రకాశం సీమలోని కాకర్ల నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంటిపేరు ఇప్పటికీ అదే చెబుతుంది. శ్యామశాస్త్రిది తమిళ కుటుంబం. కంచి నుంచి రక్షణ కోసం తరలించిన బంగారు కామాక్షికి ఆ ఇంటివాళ్లు అర్చకులు. కీర్తనల్లో అధికభాగం ఆయన తెలుగులో రాశాడు. దీక్షితులు సంస్కృతాన్ని పట్టుకున్నాడు. ఇంటి భాష ఒకటి, పాట భాష ఒకటి కావడం అప్పటికి సహజమైపోయింది. ఈ కాలంలో త్యాగరాజు ప్రత్యేకత ఏమిటంటే ఆస్థానాన్ని వదిలి ఉంఛవృత్తిని (పాడుతూ బియ్యం యాచించి బతకడాన్ని) ఎంచుకోవడం. శరభోజి పిలుపును కాదన్నాడనే కథలో ఎంత చేర్పు ఉన్నా, రాజును పొగిడిన కీర్తన ఆయనది ఒక్కటీ లేదన్నది నిజం.

ఆయన కీర్తనలు ఎవరి వల్ల బతికాయో కూడా చూడాలి. ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అనే మూడు శిష్యపరంపరలు వాటిని కాపాడాయి. మూడూ తమిళదేశపు ఊళ్లే. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర కుటుంబానికి చెందినవాడు. గుజరాతు వైపు నుంచి శతాబ్దాల కిందట వలస వచ్చిన ఆ నేతవాళ్ల సమాజంలోనివాడు గురువు తెలుగు కీర్తనలను రాసి భద్రపరచడం వల్లే ఎన్నో మనదాకా వచ్చాయి. తిరువైయారులో త్యాగరాజు సమాధి మీద గుడి కట్టించిందీ, ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే వేరుగా నిలబడి పాడించిందీ నాగరత్నమ్మే, అంటే కన్నడదేశంలో పుట్టిన దేవదాసి.

నాట్యంలోనూ ఇదే కథ. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు 19వ శతాబ్దం తొలిభాగంలో అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా అనే వరుసను స్థిరపరిచారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ భరతనాట్యం ఆడినా ఆ వరుసే ఆధారం. వీళ్లు దీక్షితుల శిష్యులు, తమిళ నట్టువనారు కుటుంబం, రాసిన వర్ణాల్లో చాలావరకు తెలుగు. క్షేత్రయ్య పదాలకు వస్తే, మన కళావంతుల ఇళ్లతో పాటు వాటిని పట్టి ఉంచిన గొంతులు తంజావూరు ఆస్థానంలో మూలాలున్న వీణ ధనమ్మాళ్ ఇంటివి. ఆమె మనవరాలు బాలసరస్వతి (1918–1984) ఒక పదానికి పట్టిన అభినయం చూసి తెలుగు రానివాళ్లు కూడా అర్థం చేసుకున్నారని నాటి రసికులు చెప్పుకునేవారు. మొవ్వ గోపాలుడి అలక, ఈసడింపు, వేడికోలు మూడు శతాబ్దాలు చెక్కుచెదరకుండా దాటి రావడానికి ఆ తమిళ ఇళ్లలోని ఆడవాళ్ల జ్ఞాపకశక్తి పెద్ద కారణం. ఆ వృత్తినే తర్వాత సమాజం వెలివేసింది, 1947లో చట్టం రద్దు చేసింది.

గోడలు చెప్పేది

ఒక్క పెద్దగుడినే జాగ్రత్తగా చూస్తే ఈ కలగలుపు కళ్లకు కడుతుంది. చోళుల గుడి అంటాం. అందులో అమ్మవారి గుడి పాండ్యుల నాటిది. ఇప్పుడున్న పెద్ద నంది, సుబ్రహ్మణ్యుడి గుడి నాయకులవి. ప్రాకారపు గోడ మీద రెండో శరభోజి 1803లో భోంస్లే వంశచరిత్రను మరాఠీలో చెక్కించాడు. చోళుడి దానపత్రాల పక్కన తన వంశవృక్షాన్ని పెట్టుకున్నాడన్నమాట.

గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకు ప్రదక్షిణ మార్గంలో ఇంకో వింత ఉంది. 1931లో గోవిందస్వామి అనే పరిశోధకుడు ఆ చీకట్లో దీపం పట్టుకుని గోడలు చూస్తూ, పైన ఉన్న నాయకుల నాటి చిత్రాలు రాలిన చోట అడుగున వేరే రంగులు ఉన్నాయని గుర్తించాడు. అవి చోళుల నాటి చిత్రాలు. పై పొర తీసేస్తే నాయకుల చిత్రం పోతుంది, ఉంచితే చోళుల చిత్రం కనబడదు. పురావస్తు శాఖ రసాయన నిపుణులు పై పొరను చెక్కుచెదరకుండా వేరు చేసి ఫైబర్‌గ్లాసు పలకల మీదకు ఎక్కించే పద్ధతి కనిపెట్టి రెండింటినీ దక్కించారు. ఆ మార్గంలోకి సాధారణ సందర్శకులను వెళ్లనివ్వరు. తంజావూరు గురించి ఎవరి వాటా ఎంత అని వాదించుకునేవాళ్లు ఈ పని ఎలా జరిగిందో ఒకసారి చదవడం మంచిది.

సరస్వతీ మహల్ గ్రంథాలయం కూడా అంతే. నాయకుల సరస్వతీ భాండాగారంగా మొదలై, శరభోజి చేతుల్లో ప్రపంచస్థాయి గ్రంథాలయమైంది. డేనిష్ మిషన్‌కు చెందిన ష్వార్జ్ దగ్గర చదువుకున్న ఈ రాజు కంటి జబ్బులకు వైద్యం చేయించి, రోగుల కళ్ల బొమ్మలు గీయించి, చికిత్స వివరాలతో సహా దాచాడు. తాళపత్రాల్లో సంస్కృతానివే అత్యధికం. తెలుగు, తమిళం, మరాఠీ గ్రంథాలు వాటితో పోలిస్తే తక్కువే గానీ, నాయకుల, మరాఠాల యక్షగానాలు మనకు దక్కింది ప్రధానంగా ఇక్కడి ప్రతుల వల్లే.

బంగారు రేకు తాపడంతో మెరిసే తంజావూరు చిత్రాలు, పనస చెక్కతో చేసే తంజావూరు వీణ, రెండిటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిత్రాలు గీసినవాళ్లలో తెలుగుసీమ నుంచి వెళ్లిన రాజులనే చిత్రకారుల కుటుంబాలూ ఉన్నాయి. ఇవాళ బజారులో దొరికే వాటిలో చాలావరకు పెళ్లి కానుకల సరుకు. వాటి గురించి ఇంతకంటే చెప్పాలని లేదు.

టికెట్టు వచ్చాక తగువు వచ్చింది

1855లో చివరి రాజు శివాజీ మగసంతానం లేకుండా చనిపోయాడు. డల్హౌసీ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. రాణి కామాక్షీబాయి లండను ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది గానీ, ఇది రాజ్యాధికారపు చర్య, కోర్టులు కలగజేసుకోలేవని 1859లో తేలింది. ఆస్థానం చెదిరాక సంగీతకారులు మెల్లమెల్లగా మద్రాసు బాట పట్టారు. అక్కడ సభలు వెలిశాయి, 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చింది. ఇప్పుడు పోషకుడు టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడు.

పాట భాష తగువుగా మారింది ఇక్కడ. రాజుగారి కచేరీలో వినేవాడికి అర్థమవుతోందా అని ఎవరూ అడగలేదు. వినేవాడు డబ్బిచ్చాక అడగడం న్యాయం. మా ఊళ్లో, మా డబ్బుతో నడిచే సభలో సాయంత్రమంతా తెలుగు, సంస్కృతం పాడి చివర్లో ఒకటి రెండు తమిళ పాటలు పాడతారేమిటని తమిళులు అడిగారు. రాజా అన్నామలై చెట్టియారు అండతో సాగిన ఆ ఉద్యమంలో 1943లో తమిళ్ ఇసై సంఘం ఏర్పడింది. దీన్ని తెలుగు మీద దాడిగా మనవాళ్లు కొందరు ఇప్పటికీ తలుచుకుని నొచ్చుకుంటారు. విజయవాడలోనో వరంగల్లులోనో కచేరీ అంతా తమిళంలో సాగితే మనం ఎన్ని రోజులు ఓర్చుకుంటామో ఆలోచిస్తే ఆ నొప్పి తగ్గుతుంది. చిత్రమేమిటంటే ఆ ఉద్యమం తర్వాత కూడా కచేరీలో త్యాగరాజు చోటు పోలేదు, పక్కన తమిళంలో పాటలు కట్టిన పాపనాశం శివన్‌కీ, అరుణాచల కవికీ చోటు పెరిగింది.

తెలుగు రాని గాయకులకు తెలుగు కీర్తన ఎలా చేరుతుందో తమిళ లిపిలో అచ్చయిన కీర్తనల పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. అందుకని ఆ అక్షరానికి పైన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. అంకె లేకపోతే క, మూడు ఉంటే గ. ‘గంధము’ అని పలకాలంటే మొదటి అక్షరం మీద మూడు, ‘ధ’ కోసం ఇంకో అక్షరం మీద నాలుగు. ఒక్కో పేజీ లెక్కల పుస్తకంలా ఉంటుంది. ఆ అంకెలు చూసుకుంటూ పిల్లలు మనకన్నా శుభ్రంగా ఒత్తులు పలుకుతారు.

ఇక మెలట్టూరు. తంజావూరు నుంచి ఇరవై కిలోమీటర్లుంటుంది. వైశాఖంలో నృసింహజయంతికి అక్కడి వరదరాజస్వామి గుడి ముందు వేదిక వేస్తారు, స్వామి ఎదురుగా కూర్చుని చూస్తాడు. ఆడేది మెలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ‘ప్రహ్లాద చరిత్రం’. ముందు కోణంగి అనే విదూషకుడు వస్తాడు, తర్వాత వినాయకుడి ముఖం పెట్టుకున్న చిన్న పిల్లాడు. ప్రహ్లాదుడి తల్లి లీలావతితో సహా ఆడవేషాలన్నీ మగవాళ్లవే. ఆడేవాళ్లు పూర్తికాలపు కళాకారులు కారు, ఆ ఊరి కుటుంబాలవాళ్లు. ఉద్యోగాల కోసం పట్నాలకు వెళ్లినవాళ్లు ఈ పండుగకు సెలవు పెట్టుకుని వస్తారు. ఇంట్లో మాట్లాడుకునేది తమిళం, వేదిక ఎక్కితే దరువులు, పద్యాలు తెలుగు. మన కూచిపూడికి ఇది అన్నదమ్ముల వరస, రెండూ భాగవతుల యక్షగానం నుంచి వచ్చినవే. కూచిపూడి పట్నం చేరి, ఆడవాళ్ల చేతికొచ్చి, ప్రపంచమంతా తిరిగింది. మెలట్టూరు గుడి ముందే ఉండిపోయింది. నరసింహుడి ముఖం గుడిలో పూజలందుకుంటుంది. దాన్ని ధరించేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. పెట్టుకున్నాక ఆవేశం వచ్చి అదుపు తప్పే ప్రమాదం ఉందని చుట్టూ మనుషులు పట్టుకుని నిలబడతారు.

పెద్దగుడి ముందు ఫోటో దిగి తిరుగు ప్రయాణం కట్టే తెలుగు యాత్రికులు ఈ ఇరవై కిలోమీటర్లు వెళ్లడం చాలా తక్కువ. వెళ్లాలనుకున్నవాళ్లు రాత్రంతా కూర్చోవడానికి సిద్ధపడి వెళ్లాలి. హిరణ్యకశిపుడి దర్బారు రాత్రి ఎంత పొద్దుపోయి మొదలైనా, తండ్రీకొడుకుల వాదం పూర్తయి కథ స్తంభం దాకా వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది.